నురగ లేని బీరు

ఏప్రిల్ 9, మంగళవారం

పొద్దున పొగమంచు, తర్వాత ఎండ. బెవన్‌ను నోలీన్ క్రైస్ట్‌చర్చ్ తీసుకెళ్లింది. గొంతులో గడ్డకు రేడియేషన్, ఏడు వారాలు. భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రి పక్కనున్న వసతి గృహంలో ఉంటారు. వెళ్లేముందు కారు నా షెడ్డు ముందు ఆపారు. బెవన్ దిగలేదు. అద్దం దించి, "పచ్చిపువ్వు బీరును పీపాలోకి ఎక్కించావా?" అన్నాడు. గొంతు అప్పటికే బొంగురు.

ఎక్కించానన్నాను.

"గ్యాసో?"

"ఇంకా పెట్టలేదు."

"పెట్టు. నేనొచ్చేసరికి కుళాయి తిప్పితే రావాలి. ఇరవై ఏళ్ల నుంచి కాస్తున్నాం, ఈ ఏడు కుదిరినట్టు ఎప్పుడూ కుదర్లేదు. అది తాగకుండా మాత్రం నేను పోను."

"నోర్ముయ్," అంది నోలీన్. ఆమె ఎదురుగా రోడ్డునే చూస్తోంది.

దారిలో జాగ్రత్త అన్నాను. వెళ్లారు.

పీపాకు చీటీ అంటించాను. పచ్చిపువ్వు. బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్ పువ్వును కోసిన రోజే, ఎండబెట్టకుండా వేసి కాసిన బీరు. చల్లగా ఉంచాలి, గాలి తగలకూడదు. మధ్యాహ్నం హాప్ కోత యంత్రానికి బెల్టు మార్చాను.

ఏప్రిల్ 12, శుక్రవారం

బీరుకు బుడగలిచ్చే గ్యాసు ఇంకా పెట్టలేదు. మూత కింద రబ్బరు వాషరు చీలినట్టుంది. నెల్సన్ ఊరి నుంచి రావాలి.

ఏప్రిల్ 20, శనివారం

వాన. శనివారం కాబట్టి మెర్విన్ వచ్చాడు. పై లోయలో గొర్రెలు పెంచుతాడు. శనివారం మా ముగ్గురిదీ. షెడ్డులో రేడియో పెట్టుకుని, ఫ్రిజ్ తలుపుకు బిగించిన రెండు కుళాయిల్లో ఏది బాగుంటే అది తాగుతాం. నల్లబీరు పోసిచ్చాను.

"ఆ రెండో పీపా ఏంటి?"

"పచ్చిపువ్వు."

"మరి పొయ్యవే?"

"అది బెవన్ కోసం. గ్యాసు కూడా పెట్టలేదు."

"ఎందుకు పెట్టలేదు? సిలిండరు దాని పక్కనే ఉందిగా. నడిచొచ్చి తగులుకోవాలా అది?"

"వాషరు రావాలి."

మెర్విన్ నా ముఖంలోకి చూశాడు. బెవన్ కుర్చీలో కూర్చోబోయి, మళ్లీ జరిగి, తిరగేసిన డబ్బా మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రమంతా రేడియో మాట్లాడింది.

ఏప్రిల్ 26, శుక్రవారం

వాషరు వచ్చింది. ఫ్రిజ్ మీద పెట్టాను.

ఏప్రిల్ 27, శనివారం

నోలీన్ వాళ్ల పెరట్లో ఫీజోవా పళ్లు రాలి కుళ్లిపోతున్నాయి. రెండు బస్తాలు ఏరి, చర్చి వాకిట్లో పెట్టొచ్చాను, కావలసినవాళ్లు తీసుకుంటారని. వాషరు మార్చాను. గ్యాసు పెట్టలేదు. సిలిండరు తేలిగ్గా అనిపించింది. సగంలో అయిపోతే మొదటికే మోసం.

మే 4, శనివారం

నోలీన్ ఫోను చేసింది. బెవన్‌కు మాట రావడం లేదట. పలక మీద రాసి చూపిస్తున్నాడట. కడుపులోకి గొట్టం వేశారు, దాన్లోంచే ఆహారం.

"పలక మీద ఏం రాశాడో తెలుసా? 'క్లైవ్ గ్యాసు పెట్టాడా?' అని."

"పెడుతున్నానని చెప్పు."

"నువ్వే వచ్చి చెప్పరాదూ. ఇక్కడ రోజంతా గోడ చూస్తూ పడుకుంటాడు. నువ్వొస్తే లేచి కూర్చుంటాడు."

వస్తానన్నాను. గురువారం బయల్దేరతానన్నాను.

మే 9, గురువారం

చలికాలం మొదలైంది. కొండదారిలో మంచు పడుతోందని రేడియోలో చెప్పారు. వెళ్లలేదు.

మే 10, శుక్రవారం

కొండదారి తెరిచారు. ట్రాక్టరు గేరుపెట్టె విప్పి ఉంది. అది వదిలి వెళ్లలేను.

మే 18, శనివారం

మంచి ఎండ. మెర్విన్ రాలేదు. గేరుపెట్టె ముగించాను. సిలిండరు తూచాను. దాదాపు నిండుగానే ఉంది.

మే 28, మంగళవారం

నోలీన్ ఫోను చేసింది. ఈ రోజుతో రేడియేషన్ అయిపోయింది. శుక్రవారం ఇంటికొస్తున్నారు. గడ్డ కరిగినట్టే ఉందని డాక్టర్లు అన్నారట. ఆమె రెండుసార్లు చెప్పింది, నేను రెండుసార్లూ విన్నాను.

వెంటనే షెడ్డులోకి వెళ్లి పీపాకు గ్యాసు పెట్టాను.

పద్ధతి ప్రకారమైతే తక్కువ ఒత్తిడి మీద పెట్టి వదిలేయాలి. రెండు వారాల్లో గ్యాసు బీరులోకి మెల్లగా దిగుతుంది. నాకున్నవి మూడు రోజులు. రెగ్యులేటరు మూడింతలకు తిప్పి, పీపాను నేలమీద పడుకోబెట్టి, కుర్చీలో కూర్చుని కాలితో ముందుకూ వెనక్కూ దొర్లించాను. దొర్లించినప్పుడల్లా సిలిండరులోంచి గ్యాసు బుస్సుమని లోపలికి పోయింది. ఇది తొందరపాటు మనుషుల పద్ధతని బెవన్ ఎప్పుడూ తిడతాడు. బుస్సుమనడం ఆగేదాకా దొర్లించాను. ఆగాక మరికాసేపు దొర్లించాను.

మే 30, గురువారం

ఒక గ్లాసు పోసి చూశాను. మూడు వంతులు నురగే. తాగితే ముక్కు లోపల చురుక్కుమంది. కొంచెం ఎక్కువైంది. బెవన్‌కు చురుకు ఇష్టమే. వాసన మాత్రం కోత రోజు హాప్ పువ్వు ఎండబెట్టే బట్టీ వాకిట్లో నిలబడ్డట్టే ఉంది.

జూన్ 1, శనివారం

బెవన్ వచ్చాడు.

నోలీన్ కారులోనే ఉండిపోయింది. అతను ఒక్కడే నడిచొచ్చాడు. మనిషి సగమయ్యాడు. మెడచుట్టూ మెత్తటి గుడ్డ, పైన చర్మం కాలి నల్లబడింది. చొక్కా కింద గొట్టం ఆనవాలు తెలుస్తోంది. తన కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. నేను మొన్నటి వర్షాల గురించి చెప్పాను, గేరుపెట్టె గురించి చెప్పాను. చెయ్యెత్తి ఆపాడు.

"బీరు పొయ్యి," అన్నాడు. మాట గుసగుసగా ఉంది.

"డాక్టరేమన్నాడు?"

"డాక్టరు ఇక్కడ లేడుగా."

"నోలీన్‌ను అడుగుదామా?"

"ఒరేయ్, ఏడు వారాలు ఆ మంచం మీద దీని గురించే ఆలోచించా. పోస్తావా, నేనే లేవనా?"

పోశాను. నురగ దిగడానికి చాలాసేపు పట్టింది. గ్లాసు వెలుతురుకు పట్టుకుని చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక నిండు గుక్క తీసుకున్నాడు.

కళ్లు పెద్దవయ్యాయి. గ్లాసు కిందపడింది. కుర్చీలోంచి జారి మోకాళ్ల మీద కూలబడి, నోట్లోదంతా గచ్చు మీద ఉమ్మేశాడు. దగ్గు ఆగలేదు. దాన్లో ఎర్రగా ఉంది. వీపు నిమరబోతే చెయ్యి తోసేశాడు. దగ్గు తెరిపినిచ్చాక "గాజు పెంకులు" అన్నాడు. అంతే అన్నాడు.

నోలీన్ పరుగెత్తుకొచ్చింది. ఫ్రిజ్‌నూ కిందపడ్డ గ్లాసునూ చూసింది. నన్ను చూడలేదు. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని కారెక్కించాం.

గచ్చు కడిగాను.

జూన్ 2, ఆదివారం

మంచు. పనేమీ లేదు.

జూన్ 5, బుధవారం

నోలీన్ వచ్చింది, ఒక్కతే. చీజు వేసి కాల్చిన చిన్న రొట్టెలు, స్కోన్లు తెచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ మీద కోపం లేదు, క్లైవ్. అడిగింది తనే. తను అడిగితే నేనూ కాదనలేను."

"ఎలా ఉన్నాడు?"

"నోట్లో ఏమీ పెట్టుకోవడం లేదు. శనివారం నుంచి. నీళ్లు కూడా. చెంచా దగ్గరకు తెస్తే పెదవులు బిగిస్తాడు. అన్నీ గొట్టంలోంచే." ఆమె స్కోన్ల మీది గుడ్డ సరిచేసింది, మళ్లీ సరిచేసింది. "నర్సు నిన్న గట్టిగా చెప్పింది. రోజూ కొంచెమైనా మింగాలట. మింగకపోతే గొంతు మింగడం మర్చిపోతుందట. తర్వాత ఎంత తంటాలు పడ్డా రాదట. గొట్టం జన్మంతా ఉండిపోతుంది."

స్కోన్లు అందుకుని పక్కన పెట్టాను.

"బుడగలున్నదేదీ పనికిరాదు తనకి. బాగా చల్లనిదీ పనికిరాదు. గోరువెచ్చని టీ, చల్లారిన సూపు, అలాంటివి. అవేవీ వద్దంటాడు. భయపడుతున్నాడు, క్లైవ్. బెవన్ భయపడటం నేనెప్పుడూ చూళ్లేదు."

"బీరు అసలు కూడదందా నర్సు?"

"ఇప్పుడు కాదు. పుండ్లు మానాక, ఒకటి రెండు నెలలకి, ఒకటో రెండో గుక్కలైతే ఫర్వాలేదంది. బెవన్ మింగితే చాలు, ఏది మింగినా తనకు పట్టింపు లేదంది." తలుపు దగ్గర ఆగింది. "స్కోన్లు ఇవాళే తినేయ్. రేపటికి గట్టిపడతాయి."

జూన్ 6, గురువారం

సిలిండరు విప్పేశాను. ఫ్రిజ్ చల్లదనం తగ్గించాను. పీపా మూత మీదున్న రింగు లాగి గ్యాసు వదిలాను. స్స్ అని చాలాసేపు వచ్చింది. దానితోపాటు పువ్వు వాసన కూడా వచ్చింది. షెడ్డంతా కోతలప్పటి పొలంలా అయింది.

మధ్యాహ్నం మళ్లీ లాగాను. బీరులో కరిగింది మెల్లగా పైకొస్తుంది, పైకొచ్చిందాన్ని వదలాలి. తొందరపడి కుదిపితే నురగ కట్టి పాడవుతుంది. వదిలినప్పుడల్లా వాసన కొంత పోతుంది. ఎక్కించడానికి మూడు రోజులు పట్టింది. దించడానికి ఎన్ని పడుతుందో తెలీదు.

పోతే పోనీ వాసన.

జూన్ 15, శనివారం

మెర్విన్ వచ్చేసరికి రింగు లాగుతున్నాను.

"ఏం చేస్తున్నావ్, సైకిలు టైరుకు గాలి తీస్తున్నట్టు?"

సంగతి చెప్పాను. గ్లాసు అందుకుని ఒక గుక్క రుచి చూశాడు.

"ఇంకొన్నాళ్లు తీశావంటే ఇది బీరు కాదు, గొర్రెల తొట్టిలో నానిన గడ్డి రసం."

"నీ కోసం కాదుగా."

"తెలుసులేవయ్యా." గ్లాసు ఖాళీ చేశాడు. "వాణ్ణి చూడ్డానికి పోయొచ్చావా?"

"ఇది అయ్యాక వెళ్తాను."

"ఇది అయ్యాక," అన్నాడు మెర్విన్. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

జూన్ 29, శనివారం

చురుకు తగ్గిందో లేదో నాకెలా తెలుస్తుంది? నా గొంతు బాగానే ఉంది. నా నోటికి ఇప్పుడు చప్పగానే ఉంది. అతని గొంతు పుండు.

పెట్రోలు బంకు దగ్గర 'పై' అనే, మాంసం కూరి కాల్చిన రొట్టె కొన్నాను. అద్దాల పెట్టెలోంచి తీయగానే, అక్కడే నిలబడి, మధ్యలోంచి కొరికాను. లోపలి ముద్ద పొయ్యి మీది సెగలా ఉంది. ఉమ్మేయకుండా పట్టుకున్నాను. కౌంటరు దగ్గరున్న అమ్మాయి, "అయ్యో, ఊదుకుని తినాలండీ," అంది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే అంగిలి మీద తోలు ఊడింది.

అప్పుడు బీరు తాగాను. చురుక్కుమంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంకా ఉంది గ్యాసు.

జూలై 6, శనివారం

అంగిలి మానింది. ఇంకో 'పై' తిన్నాను. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టి, "చల్లారిందే ఇస్తాను," అంది. వద్దు, వేడిదే కావాలన్నాను. చిత్రంగా చూసింది.

చురుకు కొంచెం తగ్గింది. మెర్విన్‌కు చెప్పాను. "మీ ఇద్దరికీ పిచ్చే. వాడిదొక రకం, నీదొక రకం," అన్నాడు.

జూలై 13, శనివారం

మూడో 'పై'. కాలిన నోటికి బీరు హాయిగా ఉంది.

జూలై 20, శనివారం

బెవన్ ఇంటికి వెళ్లాను. దారిలో రెండుసార్లు బండి ఆపాను. ఒకసారి గేటు మూసి ఉందో లేదో చూడ్డానికి. రెండోసారి ఎందుకో.

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. మెడ మీది నలుపు పోయి లేత చర్మం వచ్చింది. నేను కూర్చున్నా తల తిప్పలేదు. పక్కన బల్ల మీద కప్పులో టీ మీగడ కట్టి ఉంది. నోలీన్ వంటింట్లో గిన్నెలు అటూ ఇటూ జరుపుతోంది, కడుగుతున్న శబ్దం మాత్రం రావడం లేదు.

"గ్యాసు తీసేశాను," అన్నాను.

కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

"బుడగ లేదు. చల్లగానూ లేదు. నేను చూశాను."

"నోలీన్ పంపిందా?" మాట అదే గుసగుస.

"లేదు."

"అయితే వెళ్లు."

వెళ్లలేదు. ఏం మాట్లాడాలో తెలీక గేరుపెట్టె సంగతి మొదలుపెట్టాను. పళ్లు అరిగిన చక్రం ఎక్కడ దొరికిందో, దాన్ని ఎలా సానపెట్టానో, అంతా చెప్పాను. విన్నాడో లేదో తెలీదు. కొండ మీద ఎండ తరిగిపోయేదాకా ఉన్నాను. లేచి తలుపు దాకా వచ్చాను.

"ఒత్తిడి ఎంతుంది?" అన్నాడు వెనక నుంచి.

"దాదాపు సున్నా."

"సున్నా అయితే కుళాయిలోకి ఎలా వస్తుంది?"

ఎలా వస్తుందో నాకు తెలుసు.

"అదే తెలీడం లేదు," అన్నాను.

ఇప్పుడు తల తిప్పాడు. "ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీదికెత్తు, తెలివితక్కువ దద్దమ్మా. పొట్టి గొట్టం తగిలించు. నీళ్లు పల్లానికి పోతాయి, బీరు పోదా?"

"ఏ బల్ల?"

"ఏ బల్లా?" దగ్గొచ్చింది. నోలీన్ వంటింట్లోంచి తొంగిచూసింది. అతను చెయ్యి ఊపి ఆమెను లోపలికి పంపాడు. "నువ్వు ఎత్తితే గాలి దూరుస్తావ్. శనివారం నేనొస్తా. నేను చూస్తుండగా ఎత్తు. తాగడానికి కాదు. చూడ్డానికే."

"చూడ్డానికే," అన్నాను.

జూలై 27, శనివారం

చలి. బెవన్ వచ్చాడు. నేనూ మెర్వినూ పీపాను పనిబల్ల మీదికి ఎత్తాం. బెవన్ కర్రతో చూపిస్తూ నిలబడ్డాడు.

"మెల్లగా. అది గొర్రె కాదు మెర్విన్, మెడ పట్టి ఈడ్చడానికి."

"గొర్రె అయితే ఇంత సతాయించదు," అన్నాడు మెర్విన్.

లోపలికి గాలి పోకుండా సిలిండరు నుంచి చిటికెడంత గ్యాసు మాత్రం వదిలి, పొట్టి గొట్టం తగిలించాం. కుళాయి తిప్పితే సన్నటి ధారగా వచ్చింది. బెవన్ వంగి ధారను చూశాడు. వేలు తడిపి నాలుక మీద పెట్టుకున్నాడు. మేమిద్దరం వేరేవైపు చూశాం.

"వచ్చే వారం," అన్నాడు. కుర్చీలో కూర్చుని రేడియోలో ఆట అయిపోయేదాకా ఉన్నాడు.

ఆగస్టు 3, శనివారం

పొద్దున మంచు, తర్వాత మబ్బు లేదు.

నర్సును అడిగానని నోలీన్ చెప్పింది. ఒకటో రెండో గుక్కలు, ఆత్రపడకుండా, గడ్డం కిందికి దించి మింగాలట. ఈసారి ఆమె కారులో ఉండలేదు. తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

గ్లాసులో పావువంతు పోశాను. నురగ రాలేదు, ఒక్క బుడగ కూడా. బెవన్ దాన్ని చూశాడు.

"పడిసెం పట్టిన యాపిల్ రసంలా ఉంది."

ఎవరూ నవ్వలేదు. మెర్విన్ తన బూట్లు చూసుకుంటున్నాడు. రేడియో ఎవరో కట్టేశారు, నేనే అయ్యుండాలి.

బెవన్ గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్లి దించాడు. మళ్లీ తీసుకెళ్లాడు. కొంచెం నోట్లోకి తీసుకుని అలాగే ఉంచుకున్నాడు. గడ్డం కిందికి దించాడు. కళ్లు మూసుకున్నాడు. గొంతు కదలలేదు. అతని రెండో చెయ్యి కుర్చీ చేతిని పట్టుకుని ఉంది, వేళ్లు తెల్లబడ్డాయి.

అప్పుడు గొంతు కదిలింది.

కళ్లు తెరవకుండా అలాగే ఉన్నాడు. దగ్గొస్తుందని చూస్తున్నాం. రాలేదు.

"బెవన్?" అంది నోలీన్.

వేలెత్తి ఆగమన్నాడు. ఇంకో గుక్క తీసుకున్నాడు. ఇది కొంచెం పెద్దది. గొంతు మళ్లీ కదిలింది. ఈసారి వెంటనే కదిలింది.

"ఏమైనా తెలుస్తోందా?" అన్నాడు మెర్విన్.

"ఏమీ తెలీదు. గోడకు నాలుక ఆనించినట్టుంది." నాలుక పెదవుల మీద తిప్పాడు. "కాదు. వెనకాల ఏదో ఉంది. చేదు. చేదొకటి ఉంది."

నోలీన్ బయటికి వెళ్లింది. కారు దగ్గర నిలబడి కొండవైపు చూస్తోంది. చాలాసేపు అక్కడే ఉంది.

బెవన్ గ్లాసు ఖాళీ చేశాడు. నర్సు చెప్పింది ఒకటో రెండో గుక్కలు, అతను తాగింది ఆరు. సూర్యుడు షెడ్డు తలుపు దాటేదాకా పట్టింది. తర్వాత మొదలుపెట్టాడు. పువ్వు వాసన ఎందుకింత పోనిచ్చానని అడిగాడు. రింగు అన్నిసార్లు లాగక్కర్లేదట, ముందుగా కొంచెం వెచ్చబెట్టి ఒకేసారి వదిలితే సరిపోయేదట. నాకు ఇరవై ఏళ్లుగా చెప్తున్నా బుర్రకెక్కదట. నేను అవునన్నాను. అతను చెప్పినదానికల్లా అవునన్నాను.

వాళ్లు వెళ్లాక గొట్టం కడిగాను, కుళాయి కడిగాను, గ్లాసు కడిగాను. నా గ్లాసు పోసింది పోసినట్టే ఉంది. గచ్చు మీద, పనిబల్ల కాళ్ల దగ్గర కూర్చున్నాను. గచ్చు చల్లగా ఉన్నా లేవబుద్ధి కాలేదు. మెర్విన్ టోపీ మర్చిపోయి వెనక్కొచ్చాడు. నన్ను చూసి, టోపీ తీసుకుని, నా గ్లాసు నా చేతికిచ్చి వెళ్లాడు.

ఆగస్టు 4, ఆదివారం

నోలీన్ ఫోను చేసింది. పొద్దున బెవన్ తనంతట తనే గుడ్డు పొరటు అడిగాడట. మెత్తగా చేసిచ్చిందట. సగం తిన్నాడట.

సగమేనా అన్నాను.

సగం అంది. నవ్వింది.

ఎండ బాగుంది. చేతిలో పనేమీ పెట్టుకోకుండా వాకిట్లో కూర్చున్నాను.